రెండు బై ఇరవై ఎంత?

మహారాష్ట్రలోని సోలాపూర్‌లో దాజీ పేట్ సందుల్లో పెరిగే పిల్లలకు లెక్కల గుర్తులు బడి పలక మీద కంటే ముందు నూలు బస్తాల మీద కనబడతాయి. మా మనుమరాలు ఏడో తరగతి. బడి మరాఠీ, ఇల్లు తెలుగు, సందులో మాట్లాడేది ఆ రెండింటి కిచిడీ. మొన్న సాంచాల (మరమగ్గాల) ముందు దించిన బస్తా మీద 2/20 అని ఉంటే చదివి, "తాతా, దీన్ని కుదిస్తే ఒకటి బై పది అయితది గదా! అట్లనే రాయక ఇంత సిరా ఎందుకు దండుగ?" అన్నది.

బడిలో అయితే పూర్తి మార్కులు. కానీ అదే పిల్లను దుకాణానికి పంపి "ఒకటి బై పది నూలు ఇయ్యుండ్రి" అనిపిస్తే సేటు ఎగాదిగా చూస్తాడు.

బస్తా మీదున్న ఏటవాలు గీత భాగహారం గీత కాదు. ముందున్న 2, ఎన్ని పోగులు కలిపి పేనారో చెబుతుంది. వెనకున్న 20, ఆ ఒక్కో పోగు నంబరు. రెండు అంకెలు ఒకదాని మీద ఒకటి పడకుండా మధ్యన ఒక దడి కట్టారు, అంతే. నంబరు అంటే ఏమిటంటే మా సాలోళ్ల ఇళ్లలో చంటిపిల్ల కూడా చెబుతుంది: నంబరు పెరిగితే నూలు సన్నం, తగ్గితే దొడ్డు. అది ఎట్లా వచ్చిందో మాత్రం సాంచా నడిపి నడుం వంగినవాళ్లలో కూడా కొందరికే తెలుసు. ఇది ఇంగ్లీషు మిల్లుల కొలత. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే ఆ నూలుకు అది నంబరు. ఇరవై నంబరు నూలు పౌనుకు ఇరవై చిలపలు, అంటే 16,800 గజాలు వస్తుంది. నలభై నంబరుదైతే దానికి రెట్టింపు. అదే పౌనులో అంత ఎక్కువ పొడుగు రావాలంటే సన్నబడక తప్పదు కదా.

ఇప్పుడు రెండు ఇరవై పోగులు కలిపి పేనుదాం. పొడుగు అంతే, బరువు రెట్టింపు. పౌనుకు పదే చిలపలు తూగుతాయి. కనుక 2/20 నూలు మందం చూస్తే పది నంబరుకు సమానం. మా పిల్లకు "పది" దొరికింది, కానీ తలకిందులుగా. అది రెండును ఇరవైతో భాగించింది, నూలేమో ఇరవైని రెండుతో భాగించమంటుంది.

దీని మీద నేనొక పొడుపు వేశాను. ఇరవై నంబరు పోగు ఒకటి, ముప్పై నంబరు పోగు ఒకటి కలిపి పేనితే వచ్చే నూలు నంబరెంత? యాభై అన్నది ముందు. పోగులు కలిపితే నూలు సన్నబడుతుందా అని అడిగితే నాలుక కరుచుకుని, సరాసరి తీసి ఇరవై అయిదు అన్నది. కలిపిన నూలు ఇరవై నంబరు పోగు కంటే కూడా దొడ్డుగా ఉండాలి గదా, మరి ఇరవై అయిదు ఎట్లా కుదురుతుంది? అప్పుడు కూర్చోబెట్టి లెక్క చేశాం. రెండింటిలోనూ అరవై చిలపలు తీసుకో. ఇరవై నంబరుది మూడు పౌన్లు, ముప్పై నంబరుది రెండు పౌన్లు. కలిపి పేనితే పొడుగు అరవై చిలపలే, బరువు అయిదు పౌన్లు. పౌనుకు పన్నెండు. నంబరు పన్నెండు. (మెలిక తిప్పితే పొడుగు కాస్త తగ్గుతుంది, ఆ పిసరు వదిలేద్దాం.)

ఇప్పుడు బడి పుస్తకం తెరువు. 1/20 + 1/30 = 1/12. ఈ లెక్క చేయడానికి క.సా.గు. 60 పట్టమంటారు. పిల్లలు పడతారు, అరవై ఎక్కడినుంచి వచ్చిందని అడగరు. ఇక్కడ ఆ అరవై, చిలపలు. ఇరవై మీదున్న ఒకటి, ఒక్క చిలప ఎంత బరువు తూగుతుందో చెప్పే మాట. కలిసేవి బరువులు, నంబర్లు కాదు. నూలు నంబరు తలకిందులు కొలత కాబట్టి కూడేటప్పుడు దాన్ని తిరగేసుకుని కూడాలి. పాలియెస్టర్ దారానికి వాడే డెనియర్‌లో ఈ చిక్కు లేదు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అక్కడ అంకె పెరిగితే దారం దొడ్డు. ఒకే సందులో ఒక ఖార్ఖానాలో పెద్ద అంకె సన్నం, పక్క ఖార్ఖానాలో పెద్ద అంకె దొడ్డు. అంకెను చూసి తలూపితే దెబ్బ తింటాం, అది దేన్ని దేనితో కొలిచిందో అడగాలి.

మా ఖార్ఖానాల్లో టవళ్ల కట్ట మీద 30 × 60 అని ఉంటుంది, అంగుళాల్లో. "గుణిలే" అని మరాఠీలో చదివి 1800 అంటుంది మా పిల్ల. అది చదరపు అంగుళాల వైశాల్యం, నిజమే. కానీ 40 × 45 కూడా 1800లే. ఆ కొలతతో టవలు నేసి పంపితే బేరగాడు తిప్పి పంపుతాడు, రెండూ సమానమే గదా అంటే వినడు. గుడ్డ ఒకటే, టవలు వేరు. ఇక్కడ ఇంటూ గుర్తు గుణించమని చెప్పడం లేదు, ఇంత వెడల్పు ఇంత పొడుగు అని పక్కపక్కన నిలబెడుతోంది. గుణిస్తే నూలు ఎంత పడుతుందో తెలుస్తుంది, కానీ ఆకారం పోతుంది. గుణకారం చేసినప్పుడల్లా ఇట్లా ఏదో ఒక సంగతి పారేస్తున్నామని మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

"సమానమే గదా" అన్నాం కనుక ఆ గుర్తు సంగతి చూద్దాం. రెండు సమాంతర గీతలను సమానం గుర్తుగా మొదట అచ్చు వేయించినవాడు రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ వైద్యుడు, 1557లో. ప్రతిసారీ "సమానం" అని రాసి రాసి విసుగొచ్చిందనీ, ఒకే పొడుగున్న జంట గీతల కంటే సమానమైనవి లోకంలో ఇంకేం ఉంటాయనీ కారణం కూడా చెప్పుకున్నాడు. అతని గీతలు ఇప్పటివాటి కంటే బాగా పొడుగు. మరుసటి ఏడే లండన్ జైల్లో చనిపోయాడు పాపం. ఆ గుర్తు అందరి చేతిలో పడడానికి వందేళ్లకు పైనే పట్టింది. మధ్యలో ఫ్రెంచి గణితజ్ఞుడు డెకార్ట్ అంతటివాడు కూడా వేరే గుర్తు వాడాడు.

ఇంత కష్టపడి వచ్చిన గుర్తును మన పిల్లలు "ఇక జవాబు రాయి" అనే ఆజ్ఞగా చదువుతారు. నమ్మకపోతే మీ ఇంట్లో చిన్న తరగతి పిల్లకు ఇది ఇచ్చి చూడండి: 8 + 4 = ▢ + 5. చాలామంది పెట్టెలో 12 వేస్తారు. కొందరు ఇంకా హుషారుగా అన్నీ కూడి 17 వేస్తారు. 7 వేసేవాళ్లు ఆ గీతలకు రెండువైపులా చూసినవాళ్లు. క్యాలిక్యులేటర్ కూడా ఈ దురభ్యాసానికి సాయం చేస్తుంది. సమానం మీట నొక్కితే జవాబే వస్తుంది మరి. పెద్దవాళ్లం మనం మాత్రం తక్కువ తిన్నామా? కూలి లెక్కేస్తూ 5 + 3 = 8 × 20 = 160 అని గొలుసు కట్టేస్తాం. అయిదూ మూడూ నూట అరవైకి సమానమని రాసినట్టు అయింది చూడండి!

మన పాతకాలపు గణితజ్ఞులకు ఈ గుర్తే లేదు. సమీకరణం రాయాలంటే ఒక పక్షాన్ని పై వరసలో, రెండో పక్షాన్ని దాని కింది వరసలో రాసేవారు. పడుగు పోగుల్లాగా వర్గం కింద వర్గం, అవ్యక్తం కింద అవ్యక్తం, అంకె కింద అంకె. ఏదైనా లేకపోతే అక్కడ సున్న పెట్టేవారు, వరస చెదరకుండా. జవాబు రాయమన్న ఆజ్ఞగా దాన్ని పొరపాటున కూడా చదవలేం. పిల్లలకు మొదట ఇట్లాగే నేర్పితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది, ఏ సిలబస్ కమిటీ నా మాట వినబోతుంది గనక!

మరి ఆ జంట అడ్డగీతలు మన దగ్గర లేవా అంటే ఉన్నాయి, కానీ వేరే పని మీద. ఈ పేటల్లో ఉన్న మా పద్మశాలీలు చాలామంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు నుంచి మగ్గం పనికోసం, 1877లో మొదటి బట్టల మిల్లు నడవడం మొదలయ్యాక మిల్లు పనికోసం వచ్చినవాళ్ల వారసులు. వాళ్ల చేతిలో నూలు బాకీల చిట్టా ఉండేది. పాత తెలుగు చిట్టాల్లో రూపాయి అంకె పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు కనబడతాయి. ఒక నిలువు గీత పావు వంతు. రెండు గీతలైతే అర, మూడైతే ముప్పావు. ఒక అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారణాలు కనుక అది అణా. రెండు అడ్డగీతలు రెండణాలు. అంటే రికార్డ్ గారి సమానం గుర్తు మా తాతల చిట్టాలో బేడ డబ్బు! ఐదు రూపాయల ఆరణాలు రాయాలంటే ౫ వేసి, పక్కన ఒక నిలువు గీత, దాని పక్కన రెండు అడ్డగీతలు: ౫౹౽. నాలుగణాలూ రెండణాలూ కలిసి ఆరు.

ఇందులో తెలివి చూడండి. ఇది నాలుగుల లెక్క. పావులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని, అంటే అరవై నాలుగో వంతు. ఒక్కో మెట్టులో మూడు గీతలకు మించి అవసరం రాదు, నాలుగోది వస్తే పై మెట్టుకు పోతుంది. పక్కపక్క మెట్లలో గీతలు ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా ఒక మెట్టు నిలువు, తర్వాతది అడ్డం, మళ్లీ నిలువు. గీతకు విలువ దాని పడకను బట్టి వస్తుంది. ఏమీ లేని చోటుకు కూడా రెండు గుర్తులు: నిలువు మెట్టులో ఏమీ లేకపోతే హళ్లి, అడ్డం మెట్టులో లేకపోతే సున్న. బేరం బెడిసినప్పుడు "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అని తల కొట్టుకునేది ఈ రెండింటినీ తలచుకునే. మరాఠీ మోడీ లిపి లెక్కల్లోనూ ఇట్లాంటి నిలువు, అడ్డ గీతలే ఉండేవి కాబట్టి సోలాపూర్ బజారులో మనవాళ్ల చిట్టా గీతలు మరీ కొత్తగా అనిపించి ఉండవు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చి పదహారుల లెక్క పోయింది, గీతలూ పోయాయి. 2008లో యూనికోడ్‌లో ఆ తెలుగు గుర్తులకు చోటు దొరికింది. వాడేవాళ్లు లేకుండా పోయాక ఫోన్‌లోకి వచ్చాయి, అదీ మన అదృష్టం.

ఇంకో విచిత్రం చెప్తాను. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ ఊళ్లో ఒక రైతు తవ్వుతుంటే భూర్జపత్రాల మీద రాసిన లెక్కల పుస్తకం ఒకటి బయటపడింది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో అంకె తర్వాత + గుర్తు ఉంటే అది రుణం! మన ప్లస్సు వాళ్లకు మైనస్సు. అది "క్షయ" అనే మాటకు పొడి అక్షరం కావచ్చని కొందరు పండితులు అంటారు. భాస్కరాచార్యుడి నాటికి రుణాన్ని అంకె నెత్తిన చుక్క పెట్టి చూపించేవారు. ఇప్పుడు మనం రాసే + − గుర్తులు అచ్చులో మొదట కనబడింది 1489లో, జర్మనీలో విడ్‌మన్ రాసిన వ్యాపార లెక్కల పుస్తకంలో. అక్కడ కూడా అవి ముఖ్యంగా మిగులూ తరుగూ రాసుకునే గుర్తులు.

గుర్తు ఏదైనా అర్థం కుదిర్చిపెట్టినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. ధనం, రుణం అని పేర్లు పెట్టి వాటిని ఎట్లా కూడాలో, తీసేయాలో, గుణించాలో నియమాలు రాశాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అన్నది కూడా అందులో ఉంది. ఇది పిల్లలకు కొరుకుడు పడదు. మా పేటల్లో బీడీలు చుట్టే అవ్వలు, అక్కలు వెయ్యి బీడీల కూలి లెక్కలో పండిపోయినవాళ్లు, వాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. బీడీలు బాగా రాలేదని కూలిలో నలభై రూపాయలు కోత పెట్టారనుకో. మూడు రోజులు మూడు కోతలు. మూడు సార్లు మైనస్ నలభై, మైనస్ నూట ఇరవై. గట్టిగా అడిగితే ఆ మూడు కోతలూ కొట్టేశారు. కోతను కొట్టేయడం ఇక్కడ రెండో మైనస్. మూడు కోతలు పోయాయి, చేతికి నూట ఇరవై వచ్చాయి. (−3) × (−40) = 120. ముందున్న మైనస్ "తీసెయ్" అనే పని, లోపలి మైనస్ "బాకీ" అనే స్థితి. ఒకే అడ్డగీత రెండు ఉద్యోగాలు చేస్తోంది. పిల్లలు తడబడేది అందుకే, తెలివి తక్కువై కాదు.

ఎక్స్ అంటే భయపడేవాళ్లకు పైన చెప్పిన భాస్కరాచార్యుడిని పరిచయం చేయాలి. 1150లో లీలావతి రాసినవాడు, మన మహారాష్ట్ర సహ్యాద్రి పక్కవాడే. చాలీస్‌గావ్ దగ్గర పాటణలో ఆయన మనుమడు చంగదేవుడు గణిత మఠం పెట్టించిన సంగతి చెప్పే శాసనం ఉంది. బీజగణితంలో తెలియని రాశిని ఆయన యావత్తావత్ అంటాడు, ఎంతైతే అంత అని. రెండోది, మూడోది కావలసి వస్తే రంగులు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. నలుపు, నీలం, పసుపు, ఎరుపు. రాసేటప్పుడు మొదటి అక్షరమే: యా, కా, నీ, పీ, లో. తెలిసిన అంకెకు రూ. అంటే 3ఎక్స్ + 5 అని మనం రాసేది "యా 3 రూ 5". డెకార్ట్ 1637లో ఎక్స్, వై, జెడ్ అని స్థిరం చేసిన పనిని ఇక్కడ రంగుల అక్షరాలు అప్పటికే చేస్తున్నాయి. అద్దకం తొట్ల మధ్య పెరిగిన మా పిల్లకు ఎక్స్, వై అంటే తోచలేదు గానీ, "నీలం చిలపలు పసుపు చిలపల కంటే మూడు ఎక్కువ, రెండూ కలిపి ఇరవై ఒకటి" అనగానే తొమ్మిదీ పన్నెండూ అని వచ్చింది.

చివరగా జకార్డ్ దగ్గరికి వద్దాం. సోలాపూర్ చద్దరు మీద నెమలి, పువ్వు వచ్చేది దానివల్లే. ఫ్రాన్స్‌లో లియాన్ పట్టణంలో 1804 ప్రాంతంలో జకార్డ్ కుదిర్చిన యంత్రం. గళ్ల కాగితం మీద డిజైన్ గీస్తారు, నిండిన గడికి అట్టలో చిల్లు, ఖాళీ గడికి చిల్లు ఉండదు. చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం పైకి లేచే కత్తికి తగులుకుని పడుగు పోగును లేపుతుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం కత్తికి దూరమై పోగు కిందనే ఉండిపోతుంది. సాంచాకు నెమలి అంటే తెలియదు, దానికి తెలిసింది ఉందా లేదా అన్నదొక్కటే. జకార్డ్ బొమ్మనే పట్టులో నేయడానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఆ గుడ్డ పటం ఒకటి తెప్పించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు. తన లెక్కల యంత్రాన్ని ఇట్లాంటి అట్టలతోనే నడపాలనుకున్నాడు. ఆ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని 1843లో అడా లవ్‌లేస్ రాసింది, జకార్డ్ మగ్గం పూలూ ఆకులూ నేసినట్టు.

చిల్లుకు 1, లేనిచోటుకు 0 అనుకో. రెండు అట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు చూపిస్తే, రెండింటిలోనూ చిల్లు ఉన్నచోటే వెలుగు వస్తుంది. ఇది గుణకారమే: ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి, సున్నతో గుణిస్తే సున్న. ఒక అట్ట మీద దాని నకలునే పెట్టి చూస్తే మళ్లీ అదే అట్ట. ఎక్స్‌ను ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్. జార్జ్ బూల్ 1854లో తన తర్కాన్ని ఈ సూత్రం మీదే నిలబెట్టాడు. ఇప్పుడు ఆ రెండు అట్టల చిల్లులనూ మూడో కొత్త అట్ట మీద గుద్దు. ఒకే చోట రెండుసార్లు గుద్దితే రెండు చిల్లులు పడవు, ఒకటే. ఇక్కడ 1 + 1 = 1.

"ఇది బడిలో రాస్తే సార్ సున్న వేస్తడు తాతా" అన్నది మా మనుమరాలు. వేస్తాడు, వేయాలి కూడా. బడిలో రెండు రాయి బిడ్డా, అట్ట గుద్దేటప్పుడు ఒకటి.